ఎత్తిన చెయ్యి

చెయ్యి ఎత్తే ముందు నాగేశ్వర్ అరగంట మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. అంత బాగా మాట్లాడకపోయి ఉంటే, తర్వాత ఆ చెయ్యి అంత బరువయ్యేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం. హనుమాన్ గుడి అరుగు మీద కమిటీ పెద్దలు, కింద పరిచిన గోనెల మీద ఊరు. పెర్కిట్ దాటి రెండు మైళ్లు లోపలికి పోతే వచ్చే ఊరది. మొన్నటి ఎలక్షన్ల రాతలు గుడి గోడ మీద ఇంకా వెలిసిపోలేదు. పసుపు తవ్వకాలు సగమయ్యాయి. ఎవరి గోళ్లు చూసినా పచ్చగా ఉన్నాయి, కమిటీ వాళ్లవి కూడా.

గుడికి మండపం కట్టాలి. మండపానికి జాగా కావాలి. గుడిని ఆనుకుని లసుమవ్వ కల్లం ఉంది. నాలుగు గుంటల నేల, పేడతో అలికి అలికి సిమెంటులా గట్టిపడింది. లసుమవ్వ పసుపు అక్కడే ఉడుకుతుంది, అక్కడే ఆరుతుంది. కొడుకు మస్కట్‌లో ఉంటే, కోడలు శాంతవ్వతో కలిసి రెండెకరాల పసుపు ఆమే చేసుకుంటుంది. కల్లం ఇయ్యనంది. అదీ ఆమె చేసిన నేరం.

"నేను ఇరవై ఏండ్ల సంది పొద్దుగాల లేసి ఆయన ముంగట ఊడుస్తున్న," అంది లసుమవ్వ, గుడిలోకి చెయ్యి చూపిస్తూ. "జాగ కావాల్నంటే ఆయన నన్నడుగకపోవునా?"

కమిటీ పెద్ద గంగాదాస్ నవ్వాడు. మంచి మనిషే. ఊరి బడికి గదులు, వాగు మీద కల్వర్టు ఆయన తిరిగి తిరిగి తెచ్చినవే. "దేవుడు నోటితోని అడుగుతడా అక్కా? ఊరి నోటితోని అడుగుతడు."

"ఊరంటే నేను లేనా అండ్ల?"

అప్పుడు లేచాడు నాగేశ్వర్. నిజామాబాద్‌లో ఐటీఐ చదివాడు. మోటర్లు బాగు చేస్తాడు. ఊళ్లో అందరి పసుపూ ఉడికే పెద్ద ఇనుప కడాయి అతనిది. ఆర్మూరులో పేపరు కొని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు కూడా ఉంది కాబట్టి, సభల్లో లేవడం అతనికి కొత్త కాదు.

"పట్టా ఆమె పేరు మీదున్నది," అన్నాడు. "నాలుగు గుంటలైనా, నాలుగు వందల ఎకరాలైనా హక్కు హక్కే. ఇయ్యాల దేవుని పేరు మీద ఆమె జాగ తీస్కుంటం. రేపు బడి పేరు మీద తుకారాం కాకది తీస్కుంటం. ఎల్లుండి నాది. గిట్లయితే ఏది ఎవలిది? ముందు మనిషి, తర్వాత ఊరు. మనుషులు కూడి ఒప్పుకుంటేనే ఊరైంది."

"ముందు మనిషే," అన్నాడు కింద నుంచి ఎంకటి. "కని ఆ మనిషి పుట్టెటప్పుడు మంత్రసానిని పిలువనీకి ఎవలో ఒకలు ఉరుకాలె గద బావా."

అందరూ నవ్వారు. నాగేశ్వర్ కూడా నవ్వి, మళ్లీ అందుకున్నాడు. ఇష్టంతో ఇచ్చింది కానుకని, గుంజుకున్నది కానుక కాదని, అట్లా గుంజుకున్న జాగాలో నిలబడి మొక్కితే ఆ మొక్కు ఎవరికి చేరుతుందని అడిగాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లు కూడా మాటలాపి విన్నారు. లసుమవ్వ ఆ అరగంటా అతని ముఖమే చూసింది, వైద్యుడు నాడి పట్టుకున్నప్పుడు చూసినట్టు.

గంగాదాస్ ఓపికగా అంతా విన్నాడు. "అయిపోయిందా నాగేశా?"

"అయిపోయింది కాకా."

"నీ బాయికి కరెంటు లైను ఎట్లొచ్చింది?"

నాగేశ్వర్ కాలితో గోనె అంచు సర్దాడు.

"ఊరంత పొయ్యి ఆర్మూర్ల రెండు దినాలు ఎండకు కూసుంటె వచ్చింది. లసుమక్క గుడ కూసున్నది, నీ పక్కపొంటే. గప్పుడు ముందు మనిషి అనకపోతివి." గంగాదాస్ గొంతు పెంచలేదు. "సరే, గది ఇడిసిపెట్టు. బయటి కడాయి ఊర్లకు రావద్దని మూడేండ్ల కింద తీర్మానం చేసినం. ఎవలి కోసం చేసినం? పెర్కిట్ లింగం తన కడాయి తెస్తే బండి మలిపి తోలినం గద. గా లింగానికి హక్కు లేకుండెనా? నువ్వు దేవుని పసుపు ఉత్తగ ఉడకబెడుతనంటివి, ఊరు నీకు గిరాకి రాసిచ్చింది. నీ కడాయి నీదే బిడ్డా. కని అండ్ల ఉడికే పసుపు ఊరిది."

అంతే. ఇంకేమీ అనే అవసరం లేకపోయింది.

తీర్మానం చదివారు. లసుమవ్వ ఒప్పుకునే దాకా ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, కూలికి పోకూడదు, నిప్పూ నీళ్లూ పనిముట్టూ ఇవ్వకూడదు. ఇచ్చినవారికీ అదే శిక్ష. ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తండి అన్నారు. చేతులు లేచాయి. పచ్చటి గోళ్లు, పచ్చటి గీతలు. నాగేశ్వర్ పక్కవాళ్లను చూశాడు. చొక్కా చేతి గుండీ ఊడిందేమోనని చూసుకుంటున్నట్టు చెయ్యి పైకి తెచ్చాడు. తెచ్చి, అక్కడే ఉంచాడు.

లసుమవ్వ ఇంకా అతని ముఖమే చూస్తోంది.

సోమవారం ఎంకటి చేను దగ్గర కడాయి పొయ్యి మీద ఉంది. మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోగలిగేంత కడాయి. రెండు పక్కలా ఇనుప చెవులు, వాటిలో కర్రలు దూర్చి నలుగురు పట్టుకుంటే గానీ నీళ్లు లేకుండా కూడా లేవదు. పసుపు కొమ్ములు నింపి, మీద పసుపాకు కప్పి, దాని మీద తడి గోనె వేశారు. గోనె అంచుల నుంచి తెల్లటి నురగ పొంగింది. ఘాటైన ఆవిరి కళ్లల్లోకి కొడుతోంది. నాగేశ్వర్ చీపురుపుల్లతో ఒక కొమ్మును పొడిచి చూస్తున్నాడు. పుల్ల సగం దాకా దిగి ఆగింది. ఇంకో పావుగంట పడుతుంది.

లసుమవ్వ గట్టు మీదుగా వచ్చి పొయ్యికి ఇవతల నిలబడింది.

"నాగేశా, బుధారం నా వంతు అంటివి గద బిడ్డా. తీర్మానం కంటె ముందే తవ్విపెట్టుకున్న. కుప్ప మూడు దినాల సంది కల్లంల ఉన్నది."

ఎంకటి ఆకులు సర్దుకుంటూ వంగిపోయాడు. అతని భార్య నెత్తిన గంప లేకపోయినా ఉన్నట్టు నడుచుకుంటూ అవతలికి పోయింది. నాగేశ్వర్ పొయ్యిలోకి కట్టె తోశాడు. తోయాల్సిన పని లేదు. మంట సరిగ్గానే ఉంది.

"లోపట చెయ్యి పెడితే కాలుతున్నది," అంది లసుమవ్వ. పాత పొయ్యి సంగతి చెబుతున్నట్టు మామూలుగానే చెప్పింది. "ఇంకో రెండు దినాలు అట్లనే ఉంటె మురిగిపోతది. నీకు తెలువందా?"

అతనికి తెలుసు. తవ్విన పసుపు కుప్పలో వేడెక్కితే ముందు వాసన మారుతుంది, తర్వాత కొమ్ము చివర మెత్తబడుతుంది. ఆ తర్వాత ఉడకబెట్టినా, ఎండబెట్టినా నల్లటి పుల్లలే మిగులుతాయి. ఏడాది కష్టాన్ని ఎరువు దిబ్బ మీద పోసుకోవాలి. ఇవన్నీ అతను ఆమెకు చెప్పగలడు. ఆదివారం అరగంట చెప్పినవాడే.

"పొగ మస్తున్నది," అన్నాడు, ఎంకటితో. ఎంకటి అవునన్నాడు.

లసుమవ్వ పొయ్యి దగ్గర పడి ఉన్న ఒక కొమ్మును ఏరి కడాయి అంచు మీద పెట్టి వెళ్లిపోయింది. పడిపోయిన కొమ్మును కాలి కింద ఉండనివ్వరు ఎవరూ. అది ఆమె ఎంకటి కోసం చెయ్యలేదు, అలవాటుగా చేసింది.

సాయంత్రం భార్య భాగ్యవతి అన్నం పెడుతూ, "నీ చెయ్యికి ఏమన్న నొప్పి లేసిందా?" అని అడిగింది.

"ఏ చెయ్యి?"

"ఎత్తినవు గద. నీ సొంత చెయ్యి. పట్టా నీ పేరు మీదనే ఉన్నదనుకున్న."

"నువ్వు లేవు ఆడ. నేనొక్కన్ని ఎత్తకపోతె ఏమైతుండె? ఆమె పసుపు ఉడుకుతుండెనా?"

"ఏమో. నేను చదువుకోలె." చారు గిన్నె జరిపింది. "అడుగుతున్న గంతే."

మంగళవారం తన పసుపు పాలిషింగ్ డ్రమ్ముకు బెల్టు కోసం ఆర్మూరు పోయాడు. బస్టాండు ఎదురుగా హోటల్లో అతని బెంచీ అతనికుంది. పేపరు విప్పాడు. ఎక్కడో దూరదేశంలో జనం గోడలు కూలగొడుతున్న వార్త ఉంది. మామూలు రోజైతే అతను దాన్ని బెంచీకంతటికీ వివరించేవాడు. ఈ రోజు చదివి మడిచాడు.

"ఏం నాగేశ్వర్ సాబ్, ఇయ్యాల లెక్చర్ లేదా?"

తలెత్తి చూస్తే లింగం. మూడేళ్ల కింద బండి తిప్పుకుని పోయిన పెర్కిట్ లింగం. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుతూ ఎదురుగా కూర్చున్నాడు.

"మీ ఊరామె వచ్చింది నిన్న మా ఇంటికి," అన్నాడు లింగం. "నడుసుకుంట వచ్చింది. కడాయి కావాలన్నది. నాకు ఇయ్యబుద్ధయింది, నిజం చెప్తున్న. కని మీ ఊర్ల రూలున్నది గద. పోయినసారి బండి సెక్రం ఇరిగినంత పని చేసిండ్రు మీవోళ్లు. 'అవ్వా, గా రూలు ఎవలి కోసం పెట్టిండ్రో ఆయననే అడుగు' అన్న."

"ఏమన్నది?"

"అడిగిన అన్నది. పొయ్యి ఊదుతున్నడు, ఇనబడలేదేమో అన్నది." సాసరు ఖాళీ చేసి లేచాడు లింగం. పోతూ పోతూ నాగేశ్వర్ భుజం తట్టాడు, అందులో కోపం కూడా లేదు. "మీరు చదువుకున్నోళ్లు. మాకేం సమజైతది."

బెల్టు కొనడం మర్చిపోయి సగం దూరం వచ్చి, మళ్లీ ఆటో ఎక్కి వెనక్కి పోయాడు.

ఆ ప్రయాణంలోనే ఆలోచన వచ్చింది. చాలా తెలివైన ఆలోచన. బుధవారం సాయంత్రం కడాయిని ఎంకటి చేను నుంచి తుకారాం చేనుకు చేర్చాలి. బండి బాట గుడి వెనక నుంచి పోతుంది, లసుమవ్వ కల్లం గోడను రాసుకుంటూ. సరిగ్గా అక్కడ బండి ఇరుసు చీల విరిగిందనుకో. ఎడ్లను విప్పుకుని, చీల చేయించుకొస్తానని ఇంటికి పోయాడనుకో. కడాయి ఉన్న బండి ఆ పూటకు అక్కడే ఉంటుంది. అతను ఇవ్వలేదు. ఆమె ఆ పూట అడగలేదు. తెల్లవారుజామున ఆమె తీసుకుని, ఉడకబెట్టుకుని, మళ్లీ బండిలో పెడితే తీర్మానానికి ఎక్కడా గీత పడదు. హక్కూ ఉంటుంది, ఊరూ ఉంటుంది, పసుపూ ఉంటుంది.

బుధవారం అట్లాగే చేశాడు. చీలను సుత్తితో తనే విరగ్గొట్టాడు. గోడ అవతల శాంతవ్వ చీపురు చప్పుడు వినిపిస్తోంది. నాగేశ్వర్ ఎద్దుతో గట్టిగా అన్నాడు: "పొద్దెక్కే దాక గీడనే ఉంటది బండి. ఎవలు ముట్టుకుంటరు దీన్ని." చీపురు చప్పుడు ఆగింది. రెండు మోపుల కట్టెలు కూడా బండిలో మర్చిపోయి, తల దించుకుని ఇంటికి నడిచాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

అతను మర్చిపోయింది ఒక్కటే. పసుపు ఉడికితే వాసన వస్తుంది. బండెడు పసుపు ఊరి నడుమ, గుడి పక్కన ఉడుకుతుంటే ఊరికి తెలియకుండా ఉంటుందని ఆశపడ్డవాడు, పుట్టినప్పటి నుంచి ఆ పొగలోనే పెరిగినవాడు. తన ఒక్కడి ముక్కు మూసుకుంటే సరిపోతుందనుకున్నాడు.

గురువారం పొద్దున్న అతను పోయేసరికి కల్లం చుట్టూ జనం. మధ్యలో కడాయి, కింద మంట, మీద గోనె. ఒక వాయి ఉడికి దించి నేల మీద పరిచి ఉంది, ఇంకా ఆవిర్లు కక్కుతూ. రెండో వాయి పొయ్యి మీద ఉంది. మూల ఇంకా సగం కుప్ప. గుడి గడప మీద మోదుగాకులో తొలి కొమ్ములు పెట్టి ఉన్నాయి. ఏటా పెట్టినట్టే ఈ ఏడూ దేవుడి వంతు ముందు తీసింది లసుమవ్వ. అందుకే కావచ్చు, పొయ్యిని కాలితో తన్నడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు కదా. గంగాదాస్ గుడిలోకి తిరిగి, హనుమంతుణ్ణి అడిగినట్టు అడిగాడు: "గీ కడాయి గీడికెట్లొచ్చింది?"

ఎవరూ నవ్వలేదు. ఎంకటి కూడా.

"నాగేశ్వర్ వచ్చిండు," అన్నారెవరో.

గంగాదాస్ ఇటు తిరిగాడు. "నువ్వు చెప్పు నాగేశా. ఇచ్చినవా?"

చాలా చిన్న ప్రశ్న. ఇచ్చిన అంటే రేపటి నుంచి కడాయికి గిరాకీ ఉండదు, డ్రమ్ముకు ఉండదు, బావికి వచ్చే దారిలో మనుషులు ముఖం తిప్పుకుంటారు. ఇయ్యలే అంటే ఆమె దొంగ. అతను నోరు తెరిచాడు. పొగ లోపలికి పోయింది. దగ్గాడు. ఆ దగ్గును అవసరమైనదాని కంటే కొంచెం ఎక్కువసేపు దగ్గాడు.

"ఆయన ఇయ్యలే," అంది లసుమవ్వ. పొయ్యి ముందు కూర్చునే అంది, ఇటు తిరగకుండా. "నిన్న నేను అడుగలే. బాట మీద దిక్కులేకుంట ఉండె, తెచ్చుకున్న."

ప్రతి మాటా నిజం. అట్లాగే జరిగింది, అతను అనుకున్న ప్రకారం, ఒక్క అక్షరం తేడా లేకుండా. నాగేశ్వర్‌కు ముందుగా కలిగింది సిగ్గు కాదు. ఛాతీలో ఏదో వదులైంది, బరువు దించిన ఎద్దు మెడలా. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, ఆ వదులు ఏమిటో తెలిశాక.

"ఇన్నరు గద," అన్నాడు గంగాదాస్ జనంతో. "సొంతం, సొంతం అని ఊరి నెత్తిమీద కూసున్నది. ఒకల సొంతం మాత్రం అడుగకుంట తెచ్చుకున్నది. ఇగ మాట్లాడేదేమున్నది? మంట తీసెయ్యిండ్రి. పసుపు ఆరినంక కల్లం గుడికి. దొంగతనానికి ఇంకో శిక్ష ఎయ్యం. మనమేం పగోళ్లం కాదు."

శాంతవ్వ ఏడుస్తోంది. లసుమవ్వ లేచి, పొయ్యిలోని కట్టెలను తనే ఒక్కొక్కటిగా బయటికి లాగి నీళ్లు చిలకరించింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తీస్కోండ్రి. మండపానికి రాయి నిలబెడుతరు గద, ఇచ్చినోళ్ల పేర్లు చెక్కుతరు గద. దాని మీద లసుమవ్వ ఇచ్చింది అని చెక్కకుండ్రి. తీస్కున్నం అని చెక్కుండ్రి." గుడి గడప వైపు చూసింది. "ఆయన సదువుకుంటడు."

గంగాదాస్ కండువా సర్దుకున్నాడు. జనం మెల్లగా కదిలారు. నాగేశ్వర్ కూడా జనంలోనే కదిలాడు, ముందూ కాదు వెనకా కాదు, సరిగ్గా నడుమ.

శుక్రవారం పొద్దున్న బజారు మధ్యలోంచి బండి చప్పుడు. లసుమవ్వ ఎడ్లు, నాగేశ్వర్ బండి. ఇరుసుకు కొత్త చీల వేసి ఉంది. తుమ్మకర్రతో చెక్కింది. బండిలో కడాయి బూడిదతో తోమి తోమి, కొన్ననాటి కంటే తెల్లగా మెరుస్తోంది. బండి ముందు లసుమవ్వ నడుస్తోంది. గుడి వెనక చుట్టుదారి ఉంది. ఆమె బజారు దారి పట్టింది. అరుగుల మీద మనుషులు చూస్తున్నారు, చూడనట్టు.

నాగేశ్వర్ లోపల మంచం మీద కూర్చుని, తలుపు సందులోంచి చూస్తున్నాడు.

"భాగ్యవతీ, కడాయి తెచ్చిన," అని పిలిచింది లసుమవ్వ వాకిట్లోంచి.

భాగ్యవతి బయటికి పోయింది. తీర్మానం గురించి ఆమెకు తెలియక కాదు. "లోపటికి రా చిన్నత్తా. చాయ్ తాగు."

"వద్దు బిడ్డా. నీకెందుకు తిప్పలు. ఉత్త గిన్నె ఇయ్యద్దని అయిదు కొమ్ములేసిన అండ్ల. తీస్కో." ఎడ్లను విప్పుకుని, వాటి వెనక నడుచుకుంటూ వెళ్లిపోయింది.

భాగ్యవతి ఆ అయిదు కొమ్ములూ తెచ్చి, మంచం మీద మంగళవారం పేపరు మీద పెట్టింది.

"దొంగ తెచ్చిచ్చిందయ్యా, నీ సొమ్ము. సరిచూస్కో."

అతను ఒక కొమ్మును విరిచాడు. చివర నుంచి చివర దాకా ఒకే రంగు, నడుమ తెల్లటి గీత లేదు. సరిగ్గా ఉడికింది. వంగినప్పుడు నడుము పట్టేసే ఆడమనిషి, ఒక్క కోడలితో, నలుగురు మగాళ్లు ఎత్తే కడాయిని దొర్లించుకుపోయి ఇంత సరిగ్గా ఉడకబెట్టింది. వేళ్లకు రంగంటింది. లుంగీకి తుడుచుకున్నాడు. లుంగీకి కూడా అంటింది.

బయట తుకారాం గొంతు వినిపించింది. "నాగేశా, కడాయి వచ్చింది గద. తోల్దామా? రెండు దినాల సంది చూస్తున్న."

నాగేశ్వర్ బయటికొచ్చాడు. ఎదురు అరుగు మీద ముగ్గురు, కిరాణా కొట్టు ముందు ఇద్దరు, బోరింగు దగ్గర ఆడవాళ్లు. కొట్టం నుంచి తన ఎడ్లను తెచ్చి బండికి కట్టాడు. తాడు ముడి వేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

"ఇంకో దినం ఆగు కాకా," అన్నాడు. "ఒక కుప్ప సగమే ఉడికింది."

"ఎవలిది?"

"లసుమవ్వది."

గొంతు అంత గట్టిగా రాలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి బోరింగు దగ్గరికి వినిపించేటట్టు. "లసుమవ్వ చిన్నమ్మది. బుధారం గుడ నేనే ఇచ్చిన. చీల ఇరగలే, నేనే ఇరగ్గొట్టిన. గంగాదాస్ కాకకు చెప్పు."

తుకారాం అతని వైపు చూసి, అతని వెనక గోడ వైపు చూసి, కండువా భుజం మార్చుకుని వెళ్లిపోయాడు. బోరింగు కొట్టడం ఆగింది. నాగేశ్వర్‌కు ఒక్క క్షణం పట్టింది ఆ నిశ్శబ్దం ఏమిటో అర్థం కావడానికి. దానికి సభ అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు. అప్పుడే మొదలైంది.

బండి తోలుకుంటూ పోయాడు. బజారు అంత పొడుగని అతనికి ఇంతకు ముందు తెలియదు.

కల్లంలో లసుమవ్వ కుప్ప విప్పి, మెత్తబడిన కొమ్ములు ఏరి పక్కన పడేస్తోంది. పడేసినవి చాలానే ఉన్నాయి. శాంతవ్వ బండిని చూసి లేచింది. లసుమవ్వ లేవలేదు.

అతను ఎడ్లను ఆపి, కడాయి చెవిలో కర్ర దూర్చాడు. ఒక్కడితో అయ్యే పని కాదు.

"జర ఒక చెయ్యి పట్టు చిన్నమ్మా."

ఆమె చేతిలో ఉన్న కొమ్మును అటూ ఇటూ తిప్పి చూసి, మంచివాటిలో వేసింది. అప్పుడు తలెత్తింది.

"ఆదివారం ఎత్తినవు గద, గా చెయ్యేనా ఇది?"

అతనికి ఆదివారం నుంచి ఎవరి కళ్లల్లోకీ చూడడం చేతకావడం లేదు. ఇప్పుడూ చేతకాలేదు. కర్ర మీద ఉన్న తన చేతినే చూసుకున్నాడు. గోళ్ల దాకా పచ్చగా ఉంది.

"గా చెయ్యే," అన్నాడు.

లసుమవ్వ మోకాలి మీద చెయ్యి ఊని లేచింది. కోడలిని కడాయి వెనక ఆసరా పట్టమని సైగ చేసి, తను అవతలి చెవి దగ్గరికి వచ్చి కర్ర అందుకుంది.

"పట్టు మరి," అంది.